పురుగు నోరు చూచిన పండితుడు

ఊరి వెలుపల కంచెలుగా పెరిగే అడవి ఆముదపు మొక్కలను నిదానంగా పరికించేవారికి ఒక్కొక్కప్పుడు ఆకుల మాటున గుంపుగా చేరిన కొన్ని పురుగులు కంటబడుతూ ఉంటవి. పొడవు ఒక సెంటీమీటరు మొదలు ఒకటిన్నర సెంటీమీటరు వరకు ఉంటుంది. వీపు నెమలిమెడ వన్నె గల ఆకుపచ్చ. దానిమీద దిద్దినట్లు నల్లని చుక్కలు. ఎండ ఒక వైపు నుండి పడితే పసిడి రంగు, కొంచెం ప్రక్కకు త్రిప్పితే నీలిరంగు తోస్తుంది. బడిపిల్లలు వీటిని బంగారు పురుగులతో కలిపి అగ్గిపెట్టెలో దాచుకుంటారు. పెద్దలు సైతం ఇదొక పెంకుపురుగు అని చెప్పి ఊరుకుంటారు. బంగారు పురుగు పెంకుపురుగే. ఇది మాత్రం కాదు. మంచపు కోళ్ళలో దాగి మన నిద్ర చెరిచే నల్లికి, వరికంకిలోని పాలు పీల్చే కంపునల్లికి ఇది దాయాది.

ఇంగ్లీషులో జ్యుయెల్ బగ్స్ అని పిలువబడే ఈ పురుగుల కుటుంబానికి శాస్త్రంలో స్కుటెల్లరిడే అని పేరు. మనం వీటిని రత్ననల్లులు అందాము. పైన చెప్పిన చుక్కల పురుగు ఆ కుటుంబంలోని క్రిసోకోరిస్ అనే ప్రజాతికి చెందినది. గ్రీకు మాటలు రెండు కలిపి కట్టిన ఆ పేరుకు బంగారు నల్లి అని అర్థం. ఇంత సొగసైన ప్రాణిని నల్లి అని పోల్చుకోవాలంటే వీపు చూచి లాభం లేదు. వెల్లకిల త్రిప్పి నోరు చూడాలి. కీటకాల వర్గీకరణకు నోటినే ఆధారంగా చేసి, దానిమీద ఒక సంపూర్ణ శాస్త్రపద్ధతిని నిర్మించినవాడు జోహాన్ క్రిస్టియన్ ఫాబ్రీషియస్. కీటకశాస్త్రం చదివేవారికి ఆయన పేరు అడుగడుగునా తగులుతుంది. కాని ఆయన జీవితం తెలిసినవారు మనలో అరుదు.

ఫాబ్రీషియస్ 1745 జనవరి 7వ తేదీన టొండర్ అనే చిన్న పట్టణంలో జన్మించినాడు. ఆ పట్టణం నాడు డెన్మార్కు రాజు ఏలుబడిలోని ష్లెస్విగ్ డచీలో భాగం; నేడు డెన్మార్కు దేశపు దక్షిణపు అంచున ఉన్నది. తండ్రి వైద్యుడు. 1762లో కుమారుడు కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో చేరినాడు. కాని అక్కడ ఎంతో కాలం నిలువలేదు. ఆ సంవత్సరమే జోహాన్ జోయేగా అనే మిత్రునితో కలిసి సముద్రం దాటి స్వీడన్‌లోని ఉప్సాలాకు పోయినాడు. అప్పటికి అతనికి పదునేడేండ్లు. ఉప్సాలాకు ఆ రోజులలో ప్రకృతిశాస్త్ర విద్యార్థులు వెళ్ళడం మన పూర్వులు శాస్త్రాధ్యయనానికి కాశికి వెళ్ళడం వంటిది. అక్కడ ఉన్నవాడు కార్ల్ లినేయస్. సమస్త జంతువృక్షజాలానికి రెండేసి మాటల లాటిన్ పేర్లు పెట్టి, కుప్పగా పడియున్న ప్రకృతిజ్ఞానాన్ని అరలలో సర్దిన మహానుభావుడు.

ఆ గురుశిష్యుల సంబంధం చెప్పుకోదగినది. వేసవిలో లినేయస్ ఉప్సాలా సమీపాన హమ్మర్బీలోని తన పల్లెటూరి ఇంటికి మకాం మార్చేవాడు. ఫాబ్రీషియస్, జోయేగా, అమెరికా నుండి వచ్చిన ఆడమ్ కూన్ అనే మరొక విద్యార్థి ముగ్గురూ చేరువలోనే ఒక రైతు ఇంట్లో బస చేసినారు. ప్రొద్దుటే గురువు ఇంటి దుస్తులతో, నోట పొగగొట్టంతో శిష్యుల గదికి నడిచి వచ్చేవాడట. అరగంట కూర్చుందామని వచ్చినవాడు మాటల ధోరణిలో పడి రెండు గంటలు కూర్చునేవాడు. ఆదివారాలలో గురుపత్ని, పిల్లలు కూడ వచ్చేవారు. ఊరి రైతు ఒకడు ఫిడేలు వాయించగా కొట్టంలో నాట్యం సాగేది. వృద్ధుడైన ఆచార్యుడు ఒక ప్రక్క పొగ త్రాగుతూ చూచి చూచి, ఒక్కొక్కసారి తానూ లేచి పోలిష్ నాట్యానికి రెండడుగులు వేసేవాడు. తరువాతి కాలంలో ఫాబ్రీషియస్ స్వయంగా వ్రాసిపెట్టిన ఈ ముచ్చట్లు లేకుంటే లినేయస్ మనకు లాటిన్ పేర్ల జాబితాగా మాత్రమే మిగిలి ఉండేవాడేమో!

ఇంత ప్రేమించిన గురువుతో శిష్యుడు ఒక్క విషయంలో మాత్రం వేరు దారి త్రొక్కినాడు.

లినేయస్ కీటకాలను రెక్కలను బట్టి ఏడు క్రమాలుగా విభజించినాడు. గట్టి తొడుగు రెక్కలవి పెంకుపురుగులు, సగం గట్టి, సగం మెత్తని రెక్కలు గలవి నల్లుల వంటివి, పొలుసుల రెక్కలవి సీతాకోకచిలుకలు, రెండే రెక్కలు గలవి ఈగలు, ఈ తీరుగా. చూడడానికి సులభమైన పద్ధతి, జ్ఞాపకం ఉంచుకోవడానికి తేలిక. ఇప్పటికీ మన పాఠ్యపుస్తకాలలో క్రమాల పేర్లు చాలవరకు రెక్కల పేర్లే. కాని రెక్కలు మోసం చేసే చోట్లు ఉన్నవి. అందుకు రత్ననల్లి కంటె మంచి ఉదాహరణ నాకు తోచదు.

నల్లిజాతి పురుగులన్నిటికీ వీపుమీద రెక్కల మొదళ్ళ నడుమ స్కుటెల్లం అనే చిన్న ముక్కోణపు పలక ఉంటుంది. తక్కిన పురుగులలో అది గోరంత. రత్ననల్లిలో అదే పెరిగి పెరిగి కడుపు చివరిదాకా వ్యాపించి, రెక్కలను పూర్తిగా కప్పివేస్తుంది. మనం చూచి మురిసే ఆకుపచ్చని వీపు చాలవరకు ఈ పలకయే. అసలు రెక్కలు దాని క్రింద మడిచిన పట్టుబట్ట వలె దాగి ఉంటవి. ఎగిరేటప్పుడు ప్రక్కల నుండి వెలికి వస్తవి, పలక మాత్రం విచ్చుకోదు. పెంకుపురుగు వీపుమీద రెండు తొడుగు రెక్కలు కలిసే చోట నడుమ నిలువుగా ఒక గీత ఉంటుంది. రత్ననల్లి వీపుమీద ఆ గీత ఉండదు. మెరుపు రంగు కూడ అద్దిన రంగు కాదు. పైపెంకులో ఒకదానిపై ఒకటి పేర్చిన అతి పలుచని పొరల నుండి కాంతి ప్రతిఫలించడం వలన కలిగేది. సబ్బు బుడగమీద రంగులు ఆడినట్లే. అందుకే చూచే కోణం మారితే వన్నె మారుతుంది.

ఇక పురుగును వెల్లకిల త్రిప్పినప్పుడు కథ మారిపోతుంది. పెంకుపురుగు నోట ఎదురెదురుగా కదిలే రెండు దవడలు ఉంటవి. అది కొరికి నమిలే ప్రాణి. రత్ననల్లి నోట దవడలే కనిపించవు. తల క్రింది నుండి కాళ్ళ నడుమగా వెనుకకు వాలి పొట్టకు అంటుకొని ఒక సన్నని ముక్కు ఉంటుంది. అది ఒర, అందులో నాలుగు సూదులు. దవడలే కాలక్రమాన సూదులుగా మారినవి. వాటిలో రెండు ఒకదానికొకటి జతపడి రెండు సన్నని గొట్టాలుగా ఏర్పడుతవి. ఒక గొట్టం గుండా లాలాజలం మొక్కలోనికి దిగుతుంది. మరొక గొట్టం గుండా మొక్కరసం పైకి వస్తుంది. మంచపునల్లి నోరు, కంపునల్లి నోరు, చివరికి చెట్టుమీద అరిచే ఇలకోడి పురుగు నోరు కూడ ఈ అచ్చులో పోసినవే.

ఫాబ్రీషియస్ చెప్పినది ఇదే. రెక్కలు ఎగరడానికి, దాగడానికి, శత్రువును బెదిరించడానికి అనేక రీతుల మారవచ్చును. ఆహారం తీసుకొనే సాధనం ప్రాణి బ్రతుకుతో పెనవేసుకున్నది. కనుక నిజమైన బంధుత్వం అక్కడ తెలుస్తుంది. ఒకే తీరు నోరు గలవి ఒకే తీరుగా జీవిస్తవి. ఈ సూత్రం ఆధారంగా 1775లో అతడు ప్రకటించిన కీటకశాస్త్ర గ్రంథం సిస్టెమా ఎంటమాలజియే. అప్పటికి వయస్సు ముప్పది. లినేయస్ ఇంకా జీవించి ఉన్నాడు. ఆయన తన గ్రంథంలో రెక్కల పద్ధతినే ఉంచుకున్నాడు. శిష్యుడు తన గ్రంథంలో నోటి పద్ధతినే నిలిపినాడు. అయినను శిష్యుని గురుభక్తికి లోటు రాలేదు. రెండు మాటల పేర్ల విధానం, వర్ణనలోని పొదుపు, అన్నీ గురువు నేర్పినవే.

ఫాబ్రీషియస్‌కు జీతం వచ్చినది పురుగుల వలన కాదు. 1770లో కోపెన్‌హాగన్‌లో ఆచార్యుడై, 1775లో కీల్ విశ్వవిద్యాలయానికి ప్రకృతిశాస్త్రం, అర్థశాస్త్రం బోధించే ఆచార్యుడుగా వెళ్ళినాడు. కీల్ నేడు జర్మనీలో ఉన్నది. ఆనాడు అదీ డెన్మార్కు రాజు పాలనలోనిదే. వ్యవసాయం, జనాభా, రాజ్య ఆదాయం వంటి విషయాలపై పుస్తకాలు వ్రాయడం ఆయన ఉద్యోగధర్మం, వ్రాసినాడు. ఈ పుస్తకాలను నేడు చదివేవారు లేరు. కాని ప్రతి పురుగునూ పట్టుకొని, నీవు ఏమి తిని బ్రతుకుతావు అని మొట్టమొదట అడిగినవాడు అర్థశాస్త్రజ్ఞుడు కావడం కేవలం కాకతాళీయమని నేననుకోను. ఇది నా ఊహ మాత్రమే.

కీల్‌లో ప్రకృతివస్తు ప్రదర్శనశాల, వృక్షవాటిక ఏర్పరుస్తామని ఆయనకు మాట ఇచ్చినారు. ఆ ఉద్యోగంలో ఆయనకు తృప్తి కలిగినట్లు లేదు. కనీసం మూడు పర్యాయాలు రాజీనామాకు సిద్ధపడినాడు. ప్రతిసారీ అడ్డుపడినవారు విద్యార్థులు. ఒకసారి వారు తమ ప్రతినిధులను 7వ క్రిస్టియన్ రాజు వద్దకు పంపి, మా ఆచార్యునికి జీతం పెంచి ఇక్కడే ఉంచవలసినదని మనవి చేసుకున్నారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారు ఈ ఒక్క సంగతి చదివి కాసేపు ఆగుతారని తెలుసును.

సెలవులు వస్తే కీల్‌లో ఉండేవాడు కాదు. వేసవులలో పలుమార్లు లండన్ పోయేవాడు. అక్కడ జోసెఫ్ బ్యాంక్స్ ఉన్నాడు. కెప్టెన్ కుక్ వెంట ప్రపంచం చుట్టి 1771లో తిరిగివచ్చి, ఆస్ట్రేలియా తీరపు కీటకాలను సైతం పెట్టెలలో నింపుకొని తెచ్చినవాడు. డ్రూ డ్రూరీ అనే వెండిపని వ్యాపారి ఉన్నాడు. ఆర్జించినదంతా పురుగుల సేకరణకు ధారపోసినవాడు. ఈ పెట్టెల ముందు భూతద్దంతో కూర్చొని ఫాబ్రీషియస్ ఒక్కొక్క పురుగుకు పేరు పెట్టి, రెండు మూడు వాక్యాలలో వర్ణించి, దొరికిన చోటు, ఎవరి పెట్టెలో ఉన్నదీ వ్రాసుకొనేవాడు. ఇట్లు జీవితకాలంలో ఆయన పేరు పెట్టిన కీటక జాతులు దాదాపు పదివేలు. లినేయస్ పెట్టినవి సుమారు మూడువేలు.

ఆ పెట్టెలలో మన దేశపు పురుగులు ఎట్లు చేరినవో చెప్పవలసి ఉన్నది. తంజావూరు తీరాన తరంగంబాడిలో 1620 నుండి 1845 వరకు డేనుల స్థావరం ఉండేది. లినేయస్ శిష్యుడే అయిన జోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1760ల చివర అక్కడికి వైద్యుడై వచ్చినాడు. వైద్యం ఒక చేత, వృక్షసేకరణ ఒక చేత నడిపినాడు, కీటకాలనూ విడువలేదు. మన చెదపురుగుల మీద 1779లో చక్కని వ్యాసం ప్రకటించినాడు. కొంతకాలం ఆర్కాటు నవాబు కొలువులో ఉండి, 1778లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వారి ప్రకృతిశాస్త్రజ్ఞుడైనాడు. కోనిగ్ ఐరోపాకు పంపిన పురుగులలో అనేకాన్ని ఫాబ్రీషియస్ వర్ణించినాడు. 1775 నాటి గ్రంథంలోనే ఒక ఎర్రని పురుగుకు కోనిగ్ పేరు పెట్టినాడు. ప్రత్తిచేలలో పగిలిన కాయలమీద గుంపులుగా ముసిరి, గింజరసం పీల్చి దూదికి మరక పట్టించే ఎర్రనల్లి అది. నేటి శాస్త్రనామం డిస్‌డెర్కస్ కోనిగీ. మన ప్రత్తిరైతుకు ఆ పురుగు పగవాడే గాని, ఆ పేరు మాత్రం ఒక స్నేహచిహ్నం. కరివేపాకు శాస్త్రనామంలోనూ కోనిగ్ పేరున్నది. దానిని 1771లో పెట్టినవాడు లినేయస్.

1785లో కోనిగ్ ఉత్తర సర్కారులలో సంచరిస్తూ జబ్బుపడినాడు. సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ వచ్చి చికిత్స చేసినను ఫలించలేదు. ఆ జూన్ మాసంలో కాకినాడ జగన్నాథపురంలో మరణించినాడు. తన కాగితాలన్నీ లండన్‌లోని బ్యాంక్స్‌కు చెందవలెనని వ్రాసిపోయినాడు. ఉప్సాలాలో లినేయస్ పాదాల చెంత ఆరంభమైన ఒక జీవితం మన గోదావరి మండలంలో ముగిసినదని మన విద్యార్థులలో ఎందరికి తెలుసును?

కోనిగ్ తరువాత తరంగంబాడి నుండి ఫాబ్రీషియస్‌కు కీటకాలు అందించినవాడు డాల్‌డార్ఫ్ అనే డేను సైనికోద్యోగి. తాటిచెట్టు ఎక్కుతున్న చేపను 1791లో కన్నులార చూచినానని ప్రకటించి పండితలోకాన్ని చాలాకాలం తగవులాడించినవాడు ఇతడే. పురుగుల విషయంలో మాత్రం ఇతని మాటను ఎవరూ శంకించలేదు. 1798 నాటి ఫాబ్రీషియస్ అనుబంధ గ్రంథంలో డాల్‌డార్ఫ్ సేకరణలు పుట పుటనా కనబడుతవి.

లినేయస్ రత్ననల్లులను మంచపునల్లితో కలిపి సైమెక్స్ అనే ఒక్క ప్రజాతిలోనే ఉంచినాడు. ఫాబ్రీషియస్ కూడ చాలాకాలం అట్లే నడిచినాడు. 1803లో ముక్కుగల పురుగుల కొరకే ప్రత్యేకంగా సిస్టెమా రింగోటోరుమ్ అనే గ్రంథం వెలువరించి, అందులో వీపంతా పలక కప్పిన వాటిని వేరుచేసి టెటైరా అనే కొత్త ప్రజాతిని ఏర్పరచినాడు. రింగోటా అనగా ముక్కుగలవి. ఆ క్రమానికి ఆయన పెట్టిన పేరది. తరువాతి వారు టెటైరాను ముక్కలు చేసినారు. 1834లో జర్మనీ దేశస్థుడు హాన్ క్రిసోకోరిస్‌ను వేరు ప్రజాతిగా నిలిపినాడు. భారతదేశం, సింహళం, బర్మా, దక్షిణ చైనా, మలయా, ఇండోనేషియా దీవులు దాని నెలవు. దేహం కోలగా ఉబ్బెత్తుగా ఉండి, లోహపు మెరుపు, నల్లని లేక నీలపు చుక్కలు కలిగి ఉండడం దాని పోలిక. దీని కథలో పెంకుపురుగుతో ఇంకొక తేడా ఉన్నది: గుడ్డు పగిలి పిల్ల వచ్చును గాని నడుమ కోశస్థదశ లేదు. పిల్లలకు పెద్ద పలక ఉండదు. కుబుసం విడుస్తూ విడుస్తూ చివరి విడుపుతో ఒక్కసారిగా ఆ కవచం తొడుగుకుంటవి. తాకితే కాళ్ళ మొదళ్ళ దగ్గరి గ్రంథుల నుండి కంపు వదలుతవి. కంపునల్లి చుట్టరికం అక్కడ కూడ దాగదు.

ముక్కలు పోగా టెటైరా అనే పేరుకు నేడు మిగిలినవి అమెరికా ఖండాలలోని కొద్ది జాతులు మాత్రమే. వాటిలో ఒకటి పైన్ చెట్ల కాయలలోని గింజలు పీల్చి బ్రతుకుతుంది. గోధుమరంగు, మెరుపు లేదు, ఎవరూ తలత్రిప్పి చూడరు. తూర్పుదేశాల మణులన్నీ వేరే పేర్ల క్రిందికి పోయినవి.

ఫాబ్రీషియస్ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. నోరు చిన్నది, ఎండిన పురుగును మెత్తబరచి, భూతద్దం క్రింద విప్పి చూడాలి, అందుకు ఓపిక కావాలి, ఒక్కొక్కసారి సేకరణలోని పురుగే పాడవుతుంది. పైగా ఆయన వర్ణనలు మరీ క్లుప్తం. రెండు పంక్తుల లాటిన్‌తో ఏ పురుగును ఉద్దేశించినాడో తేల్చుకోలేక తరువాతి తరాలు ఆయన పెట్టెలనే వెదుకవలసి వచ్చినది. ఒక్క అవయవం చాలదు, అన్నీ కలిపి చూడవలెనని 1796లో చెప్పినవాడు ఫ్రెంచివాడైన లాట్రెయి. శాస్త్రం ఆ దారినే నడిచినది, నడవవలసినదీ అదే. కాని అన్నీ చూచేటప్పుడు నోటిని విడువరాదని ఫాబ్రీషియస్ తరువాత ఎవరూ మరువలేదు. లాట్రెయి ప్రాణం దక్కడానికి కారణమైన పురుగు కూడ ఫాబ్రీషియస్ పేరు పెట్టినదే కావడం విచిత్రం. ఫ్రెంచి విప్లవకాలంలో మతాచార్యుడైనందుకు చెరసాల పాలైన లాట్రెయి, గదిలో కనబడిన ఒక చిన్న పెంకుపురుగు అరుదైనదని గుర్తించినాడు. అది బయటి ప్రకృతిశాస్త్రజ్ఞుల చేతికి చేరగా, వారి ప్రయత్నం వలన అతడు విడుదల పొందినాడు.

1790 తరువాత ఫాబ్రీషియస్ లండన్ దారి మాని, ఇంచుమించు ఏటా పారిస్ పోసాగినాడు. లాట్రెయి, ఒలివియే, కువియే వంటివారి సహవాసం, విప్లవపు నగరంలో రాజకీయ చర్చలు ఆయనకు నచ్చినవి. జాతులు స్థిరమైనవి కావనీ, సంకరం వలన కొత్త జాతులు ఏర్పడవచ్చుననీ ఆయన భావించినాడు. డార్విన్ ఇంకా పుట్టనైనా లేదు.

1807 సెప్టెంబరు 2వ తేదీ మొదలు 5వ తేదీ వరకు బ్రిటిషు నౌకలు, సైన్యాలు కోపెన్‌హాగన్ మీద గుండ్లు, నిప్పుబాణాలు కురిపించినవి. నగరంలో పెద్ద భాగం దగ్ధమైనది. యౌవనంలో తనకు పెట్టెలు తెరిచి చూపిన దేశం, తాను చదివిన నగరాన్ని కాల్చిన వార్త ఫాబ్రీషియస్‌కు పారిస్‌లో తెలిసినది. అప్పటికే ఆరోగ్యం చెడి ఉన్నది. అయినను వెంటనే కీల్‌కు ప్రయాణమైనాడు. ఆ ప్రయాణపు బడలిక నుండి తేరుకోలేదు. 1808 మార్చి 3వ తేదీన, అరువదిమూడవ యేట, కీల్‌లో కన్నుమూసినాడు.

ఆయన చూచి పేరు పెట్టిన పురుగులు ఒక చోట లేవు. బ్యాంక్స్ పెట్టెలలోనివి లండన్ ప్రదర్శనశాలలో ఉన్నవి. కొన్ని పారిస్‌లో, కొన్ని గ్లాస్గోలో ఉన్నవి. కీల్‌లో ఆయన స్వయంగా కూర్చిన సేకరణ ఇప్పుడు కోపెన్‌హాగన్ జంతుశాస్త్ర ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నది. ఆ ప్రదర్శనశాలలోనే తరంగంబాడి నుండి ఓడలలో పోయిన మన పురుగులు సూదులకు గుచ్చబడి, రెండు వందల సంవత్సరాలకు పైగా వరుసతీరి ఉన్నవి.